ఒంటి తీగ దారి

రియో పార్దో,
మార్చి 6.

గౌరవనీయులు బెలార్మినో ఒయార్సో గారికి,

ఊరి గ్రంథాలయం నుంచి నొయెమి త్రివిన్యో నమస్కారాలు. పేరు చెబితే మీకు గుర్తుకు రాకపోవచ్చు. సెర్రో మాన్సో గొర్రెల ఎస్టేటులో లెక్కల గుమాస్తా కూతుర్ని. పెద్ద మంచు పడిన ఏడాది నాకు ఏడేళ్ళు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న నన్ను ఆవుతోలు మీద పడుకోబెట్టి, ఆ తోలుని గుర్రానికి కట్టి ఈడ్పించుకుంటూ, ఊళ్ళో ఆసుపత్రికి చేర్చింది మీరే.

వచ్చే జూలైకి ఆ మంచుకి యాభై ఏళ్ళు. అప్పటి పిల్లల జ్ఞాపకాలూ పనివాళ్ళ జ్ఞాపకాలూ కలిపి ఒక పుస్తకం వేస్తున్నాం. పిల్లల వైపు నుంచి నేను రాశాను. తెల్లకోటు డాక్టరుగారు, నీలం గౌన్లు వేసుకున్న ఇద్దరు నర్సులు (ఒకావిడది బొంగురు గొంతు), గది నిండా మందుల వాసన, పద్దెనిమిది రోజుల ఆసుపత్రి, అన్నీ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. పనివాళ్ళ వైపు నుంచి మీరు రాయాలి. గుడిసెలో ఒంటరిగా ఉండి మందని కాసినవాళ్ళలో ఇప్పటికి మిగిలింది మీరొక్కరేనట. మీ చిరునామా బస్సు డ్రైవరు ఇచ్చాడు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ మేలు కోరే,
నొయెమి త్రివిన్యో,
రిటైరైన మూడో తరగతి టీచరు.

తా.క. రాత బాగుండదని మొహమాటపడకండి. ముప్పై ఆరేళ్ళు మూడో తరగతి రాతలు చదివి బతికినదాన్ని.


పుయెస్తో లార్గో,
మార్చి 19.

టీచరమ్మ గారికి, బెలార్మినో దండాలు.

ఇక్కడ నేనూ, మా ఆవిడ ఒతిలియా, కుక్కా క్షేమం. మీ ఉత్తరం అందింది.

ఆ ఏడాది మంచు పడింది. జూన్‌లో, చలికాలంతో పాటే మొదలైంది. సెప్టెంబరులో కరిగింది. గొర్రెలు చాలా పోయాయి.

నాకు గుర్తున్నది ఇంతే.

ఇట్లు,
బెలార్మినో ఒయార్సో.

తా.క. ఆసుపత్రి సంగతి పుస్తకంలో వద్దు.

ఇంకో తా.క. మీరు బతికి ఉన్నందుకు సంతోషం.


రియో పార్దో,
ఏప్రిల్ 2.

బెలార్మినో గారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం పుస్తకం కమిటీలో పైకి చదివాను. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. కమిటీ పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రాణం కాపాడిన మనిషి ఆ మాట పుస్తకంలో వద్దంటున్నాడంటే ఎంత నెమ్మదైన మనసో చూడండి అన్నారు. అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. జూలై 12న పురపాలక భవనంలో సభ. గోడ మీద మీ పేరుతో ఇత్తడి ఫలకం. మీరూ ఒతిలియా గారూ ముందు వరసలో కూర్చుంటారు. మీరు వేదికెక్కి ఆ ప్రయాణం గురించి ఓ పది నిమిషాలు చెబితే చాలు.

పుస్తకానికి మాత్రం ఇంకొంచెం కావాలి. మీ చిన్నతనం, ఆ చలికాలంలో మీ పని, ఏది గుర్తొస్తే అది రాయండి.

మీ గౌరవంలో మేమూ భాగస్తులం అనుకునే,
నొయెమి.

తా.క. పది నిమిషాలు ఎక్కువనిపిస్తే ఎనిమిది.


పుయెస్తో లార్గో,
ఏప్రిల్ 15.

టీచరమ్మ గారికి దండాలు. ఒతిలియాకి కాస్త జలుబు, తక్కిన అందరం క్షేమం.

మీ ఉత్తరం అందింది. పని గురించి అడిగారు గనక అది రాస్తాను. వేదిక గురించి తర్వాత.

నేను పుట్టింది చిలోయే దీవిలో. అక్కడ ఉన్నది వానే. మంచు ఎరగం. ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న ఉన్ని కత్తిరింపు పనికి దక్షిణం వెళ్ళొచ్చి, అక్కడ ఆకాశం నుంచి ఉన్ని రాలుతుందని చెప్పాడు. మరి కత్తిరించడానికి మిమ్మల్ని ఎందుకు పిలిచారు అని అడిగాను. చెంప మీద ఒకటిచ్చాడు. నా చిన్నతనంలో మంచు అంతే.

ఆ ఏడాది సంగతి. తొమ్మిది రోజులు ఆగకుండా పడింది. కంచెలు మునిగాయి. గొర్రెలు కంచె మీదుగా నడిచి పక్క ఎస్టేటుకి పోయాయి, వాళ్ళవి మాకొచ్చాయి. తక్కినవి మంచు కింద ఉండిపోయాయి. కింద గొర్రె బతికుంటే దాని ఊపిరికి పైన చిన్న రంధ్రం పడుతుంది. అంచు పసుపురంగు తేలుతుంది. అది వెతకాలి. కుక్క ముందు కనిపెడుతుంది. పొడుగాటి కర్ర దింపితే మెత్తగా తగులుతుంది. అప్పుడు తవ్వాలి. ఇరవై రోజుల తర్వాత కూడా ప్రాణంతో తీశాం. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి తినేసి బోడిగా వచ్చేవి. బయటికి తీశాక గాలికి చచ్చిపోయేవి. కింద ఉన్నన్నాళ్ళూ బతికినవి. అది చూడ్డం కష్టంగా ఉండేది.

తెల్లదనానికి కళ్ళు పోతాయని కళ్ళ కింద మసి రాసుకునేవాళ్ళం. తక్కినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. నేను ఒంటరి గుడిసెలో ఉండేవాణ్ణి గనక కుక్క మొహం చూసేవాణ్ణి. అది నవ్వేది కాదు.

వేదిక ఎక్కలేను. పెళ్ళిలో పాదిరిగారు అడిగినదానికి కూడా తలే ఊపాను. గట్టిగా చెప్పమని ఆయన మూడుసార్లు అడగాల్సి వచ్చింది.

ఏదైనా ఇవ్వాలనుకుంటే గుర్రానికి ఇవ్వండి. దారి తెలిసింది దానికే.

ఇట్లు,
బెలార్మినో.

తా.క. గుర్రం చచ్చిపోయి నలభై ఏళ్ళయింది. అందుకని ఏమీ ఇవ్వకపోయినా పర్వాలేదు.


రియో పార్దో,
ఏప్రిల్ 28.

బెలార్మినో గారికి,

మీ ఉత్తరం చదివి మా ఇంట్లో ఒకరు ఏడ్చారు. ఎవరో చెప్పను, నేను ఒక్కదాన్నే ఉంటాను.

గుర్రం మాట కమిటీకి చెప్పాను. అందరూ సిగ్గుపడ్డారు. అసలు మాకు ముందే తట్టాల్సింది. వడ్రంగి దగ్గర కలపతో నిలువెత్తు గుర్రం చేయిస్తున్నాం. వెనక ఆవుతోలు, తోలు మీద పిల్ల. పిల్ల మొహానికి నా చిన్నప్పటి ఫోటో పంపాను. గుర్రం పక్కన కళ్ళెం పట్టుకుని మీరు. మీ ఫోటో ఏదైనా ఉంటే పంపండి, లేదంటే వడ్రంగి వాళ్ళ బావమరిది మొహం పెట్టేస్తానంటున్నాడు. గుర్రం రంగు కూడా రాయండి.

మరొక సంగతి. ఆ తెల్లకోటు డాక్టరుగారి పేరు ఎవరికీ తెలియడం లేదు. మా నాన్న పోయేదాకా ఆయన్ని తలుచుకునేవాడు. ఆసుపత్రి పాత రిజిస్టర్లన్నీ తిరగేశాం, ఆ ఏడాది నా పేరే లేదు. పేరు రాయకుండా వైద్యం చేసిన మహానుభావుడు ఎవరు? మీకు తప్పకుండా తెలిసి ఉంటుంది.

కృతజ్ఞతతో,
నొయెమి.

తా.క. వడ్రంగి బావమరిదికి మెల్లకన్ను. ఫోటో త్వరగా పంపండి.


పుయెస్తో లార్గో,
మే 9.

టీచరమ్మ గారికి దండాలు.

గుర్రం బూడిద రంగు. దానికి కూడా వద్దు.

రిజిస్టర్లు వెతకడం ఆపండి. ఆ రోజు అక్కడ డాక్టరు లేడు. సెగుందో బర్రియా ఉన్నాడు. ఆయన చేతనైంది ఆయన చేశాడు. ఆయన ఇప్పుడు లేడు, ఆయన్ని ఏమీ అనకండి.

ఇంతకంటే రాయలేను. మనసు బాగాలేదు.

ఇట్లు,
బెలార్మినో.

తా.క. ఫోటో లేదు. మెల్లకన్ను ఉన్నా పర్వాలేదు, అప్పుడు అది నేనని ఎవరూ అనుకోరు.


రియో పార్దో,
మే 20.

బెలార్మినో గారికి,

మీరు ఎంత పెద్ద సంగతి బయటపెట్టారో మీకు తెలియదు.

డాక్టరు లేడు. అంటే పెద్ద డాక్టరు మంచుకి భయపడి ముందే ఊరు వదిలిపోయాడన్నమాట. కుర్ర డాక్టరు సెగుందో బర్రియా ఒక్కడే ఆసుపత్రిలో నిలబడ్డాడు. మీరు వెళ్ళిపోయినవాణ్ణి ఒక్క మాట అనకుండా, ఉన్నవాణ్ణి ఏమీ అనొద్దంటున్నారు. కమిటీ పెద్ద ఆ ఉత్తరం పట్టుకుని లేచారు. సాయంత్రమే ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడారు. పిల్లల వార్డుకి డాక్టర్ సెగుందో బర్రియా పేరు పెట్టడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. బోర్డు రాయడానికి ఇచ్చేశాం. ఆయన మనవరాలు దక్షిణాన మత్స్యశాఖలో పని చేస్తోందని తెలిసి ఫోను చేశాం. మా తాత డాక్టరని మాకే తెలియదే అని ఆ పిల్ల ఒకటే సంబరపడిపోయింది.

ఆయన ఏ కాలేజీలో చదివారో బోర్డు మీద రాయాలి. మీకు తెలిస్తే వెంటనే రాయండి.

మీ,
నొయెమి.

తా.క. సభకి ఆసుపత్రి డాక్టర్లు అందరూ వస్తున్నారు. ఆయన వాడిన పద్ధతి ఏమిటో మీ నోట వినాలని వాళ్ళకి ఆత్రంగా ఉంది.


పుయెస్తో లార్గో,
జూన్ 3.

టీచరమ్మ గారికి, బెలార్మినో దండాలు.

ఆ బోర్డు ఆపండి. మిగతాది చదివేముందు లేచి వెళ్ళి అది ఆపి రండి.

ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు.

మిమ్మల్ని నేను ఆసుపత్రికి చేర్చలేదు. అసలు ఊరిదాకా కూడా రాలేదు. మంచులో దారి లేదు, కంచె లేదు, ఉన్నవి టెలిఫోను స్తంభాల తలలే. వాటిని పట్టుకునే నడవాలి. సెర్రో మాన్సో నుంచి ఊరికి రెండు తీగలు పోతాయి. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి ఒక చీలిక వస్తుంది. అక్కడి నుంచి ఊరి వైపు రెండు తీగలు, లా పొర్ఫియాదా ఎస్టేటు వైపు ఒంటి తీగ. మంచు బరువుకి తీగలు కిందికి జారి ఉన్నాయి. తెల్లదనానికి నా కళ్ళు మంటలెత్తి ఉన్నాయి. ఒంటి తీగని రెండనుకుని తిరిగాను. గొర్రెల కాపరి ఎవడూ చెయ్యని తప్పు. ఒకటికీ రెంటికీ తేడా తెలియని మొగుడని ఒతిలియా యాభై ఏళ్ళుగా అంటూనే ఉంది. ఆవిడ అప్పుడు లా పొర్ఫియాదాలో వంటమనిషి.

దారులు తెరుచుకునేదాకా, పద్దెనిమిది రోజులూ మీరు ఉన్నది అక్కడ. పనివాళ్ళ కొట్టంలో. మందుల వాసన, పేలు పోవడానికి గొర్రెల్ని ముంచే మందుది. నీలం గౌన్ల నర్సులు ఇద్దరూ ఎస్టేటు పాలేర్లు, అవి పని చొక్కాలు. బొంగురు గొంతు నర్సుకి మీసం ఉండేది. చలికి మొహానికి గుడ్డ చుట్టుకునేవాడు కనక మీకు కనిపించలేదు.

సెగుందో బర్రియా గొర్రెలకి మందు పోసేవాడు. ఈనలేనివాటికి చెయ్యి పెట్టి పిల్లని తీసేవాడు. తెల్లకోటు కాదు, మాంసం కోసేటప్పుడు కట్టుకునే గుడ్డ. అదృష్టం కొద్దీ ఆ రోజు ఉతికి ఉంది. మీ పొట్ట నొక్కి చూశాడు. నాలుక చూశాడు. పళ్ళు కూడా చూశాడు, అది ఆయనకి అలవాటు. గొర్రెలకి పురుగులు పోవడానికి పోసే మందులో నాలుగో వంతు పోశాడు. పొద్దునకి మీరు లేచి రొట్టె అడిగారు.

వచ్చీ రాగానే మీరు ఆయన్ని డాక్టరుగారూ అని పిలిచారు. ఆయన్ని పుట్టాక ఎవరూ గారు అనలేదు. ఆయన మొహం చూశాక కాదని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. మీ నాన్నగారితో సెగుందో చూశాడు అని మాత్రం చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అడగనిది చెప్పడం నాకు చేతకాదు.

ఇవాళ గొర్రెల మందు పోసినవాడి పేరు పిల్లల వార్డుకి పెడుతున్నారు. రేపు ఎవరైనా ఆయన పద్ధతి పాటిస్తే?

ఇట్లు,
మీ దగ్గర తప్పుచేసిన,
బెలార్మినో.

తా.క. కాలేజీ అడిగారు. ఆయన వేలిముద్ర వేసేవాడు.

ఇంకో తా.క. మీరు ఉన్నన్నాళ్ళలో ఒక రోజు తలుపు వెనక ఆపరేషన్ జరిగింది, గుర్తుందో లేదో. అది నాదే. మంచు కొరికి ఎడమకాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. గొర్రెపిల్లల తోకలు కత్తిరించే కత్తెరతో ఆయనే తీశాడు. బాగా మానింది. ఆ మాటకైతే బోర్డు పెట్టొచ్చు.


రియో పార్దో,
జూన్ 14.

బెలార్మినో మామకి,

చిన్నప్పుడు మిమ్మల్ని అలాగే పిలిచేదాన్ని. ఈ ఉత్తరం అయ్యాక నాకా హక్కు ఉంటుందో ఉండదో.

బోర్డు ఆపాను. పెయింటరు డాక్టర్ అన్నంతవరకే రాసి ఉన్నాడు. మనవరాలికి ఫోను చేసి అసలు సంగతి చెప్పాను. గొర్రెలకే అయితేనేం, చూశాడు కదా అంది.

మీ ఉత్తరం నేను కమిటీలో చదవలేదు. వంటింట్లో నిలబడి చదివాను. వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాను.

మామా, నాకు కడుపునొప్పి లేదు.

మంచుకి బడి మూసేశారు. అమ్మ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి పొద్దుటి నుంచి దీపం పెట్టేదాకా ఎక్కాలు చెప్పించేది. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు అయ్యాయి. ఆ రోజు ఏడో ఎక్కం. ఏడు నాలుగుల దగ్గర ఆగిపోయాను. అమ్మ మళ్ళీ మొదటి నుంచి అంది. పొట్ట పట్టుకుని పడిపోయాను. కాసేపు పడుకోమంటుంది, అంతే అనుకున్నాను. నాన్న పరిగెత్తుకుంటూ వెళ్ళి మిమ్మల్ని పిలుచుకొస్తాడని, మీరు అప్పుడే గొర్రెల్ని తవ్వి ఎస్టేటుకి వచ్చి తడి బూట్లతోనే మళ్ళీ బయలుదేరతారని నాకేం తెలుసు? ఒకసారి తోలు మీదికి ఎక్కించాక అబద్ధమని చెప్పడానికి భయమేసింది. తర్వాత ఇక చెప్పనే లేదు. అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు. ముప్పై ఆరేళ్ళు ఏడో ఎక్కం చెప్పాను, ఏడు నాలుగుల దగ్గర ఏ పిల్లనీ మళ్ళీ మొదటి నుంచి అనమనలేదు.

ఒక ఎక్కం తప్పించుకోవడానికి మీ కాలివేళ్ళు రెండు తీసుకున్నాను. దారి తప్పానని మీరు నాకు క్షమాపణ చెబుతున్నారు.

జూలై 12న వేదిక నేనే ఎక్కుతాను. ఉన్నది ఉన్నట్టు అందరి ముందూ చెప్పి కమిటీ వదిలేస్తాను. పుస్తకంలో నా వైపు జ్ఞాపకాలు తీసేయమన్నాను. మీరు క్షమించకపోయినా ఎందుకని అడగను.

నొయెమి.

తా.క. గొర్రెల మందు ఏడ్చేంత చేదు. అది నాకు తగినదే.


పుయెస్తో లార్గో,
జూన్ 25.

నొయెమి తల్లికి, మామ దీవెనలు.

వేదిక ఎక్కొద్దు. కమిటీ వదలొద్దు. ఇది నీకొక్కదానికే రాస్తున్నాను, చదివి పొయ్యిలో వెయ్యి.

నీకు కడుపునొప్పి లేదని నాకు తెలుసు.

బయలుదేరిన గంటకల్లా తెలిసింది. నా సంచిలో మూడు రొట్టెలున్నాయి. మూడూ తిన్నావు. జున్నుముక్క తిన్నావు. తర్వాత నీకు కప్పిన గొర్రెతోళ్ళ కింద నుంచి సన్నగా పాటలాగా వినిపించింది. ఏడు ఒకట్లు ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు. ఏడు నాలుగుల దగ్గర ఆగావు. మళ్ళీ మొదటి నుంచి. కాసేపటికి నిద్రపోయావు. నొప్పి ఉన్న పిల్ల నిద్రపోదు. గొర్రెల్ని చూసినవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

వెనక్కి తిప్పేస్తే నీకు దెబ్బలు పడతాయి. ఊరికి తీసుకెళితే డాక్టరు ఒక నిమిషంలో పట్టేస్తాడు, అప్పుడూ దెబ్బలే. అలా ఆలోచిస్తూ చీలిక దాకా వచ్చాను.

తీగలు నాకు బాగానే కనిపించాయి. రెండు ఇటు, ఒకటి అటు. గుర్రం తనంతట తాను ఊరి వైపు తిరిగింది. దాని నోరు పట్టుకుని ఒంటి తీగ వైపు నేనే తిప్పాను.

అంతకుముందు ఎండాకాలం కత్తిరింపులప్పుడు లా పొర్ఫియాదాలో పని చేశాను. ఒక కొత్త వంటమనిషి నా గిన్నెలో రెండోసారి పులుసు పోసింది. అడగకుండానే పోసింది. ఏదైనా మాట్లాడాలని ఉప్పు అన్నాను. ఉప్పు తెచ్చింది. పులుసులో ఉప్పు సరిపోయే ఉంది. ఆర్నెల్లు గుడిసెలో కూర్చుని ఉప్పు తర్వాత ఏమనాలి అని ఆలోచించాను. ఏ కారణం లేకుండా వాళ్ళ గడప ఎక్కే ధైర్యం నాకు లేదు. ఆ రోజు దేవుడు ఒక కారణాన్ని తోలు మీద పెట్టి నా చేతికిచ్చాడు.

చీలిక దగ్గర కాసేపు నిలబడ్డాను. నువ్వు ఆరు గొర్రెతోళ్ళ కింద వెచ్చగా ఉన్నావు, రెండుసార్లు చూశాను. వేళ్ళు పోయింది అక్కడ నిలబడ్డప్పుడే. నీ ఎక్కానికి కాదు. అది నా పిరికితనానికి. నీది కాని బరువు నువ్వు మొయ్యకు.

ఒతిలియాకి ఇది తెలియదు. దారి తప్పి వచ్చిన మనిషినని ఇంతకాలం నవ్వుతూ ఉంది. కావాలని వచ్చానని ఇప్పుడు తెలిస్తే ఆవిడ మొహం నేను ఎలా చూడాలి? ఈ డెబ్బై ఆరేళ్ళకి? అందుకే వేదిక వద్దన్నాను. అందరి ముందూ దారి తప్పానని అబద్ధం చెప్పలేను, ఆవిడ ముందు నిజం చెప్పలేను.

కవరు బాగా అంటించాను. ఒతిలియా రేపు బస్సు దగ్గరికి వెళుతుంది, ఆవిడ చేతికే ఇస్తున్నాను.

ఇట్లు,
మామ.

తా.క. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ఆ రోజే చెప్పాల్సింది. చెబితే నువ్వు లేచి కూర్చుంటావని ఊరుకున్నాను.

తా.క. నొయెమి అమ్మాయికి ఒతిలియా రాసేది. కెటిలు ఆవిరికి కవరు ఊడింది, మళ్ళీ అంటిస్తాను. సభకి ఇద్దరం వస్తాం. ఈయన ముందు వరసలో కూర్చుంటాడు, ఎనిమిది నిమిషాలూ నేను మాట్లాడతాను. లా పొర్ఫియాదా వంటింటి కిటికీకి ఎదురుగానే ఆ చీలిక. గుర్రాన్ని పట్టుకుని ఒక మనిషి స్తంభంలాగా నిలబడి ఉన్నాడు. అరగంట. పక్కనున్న స్తంభమే కాస్త కదిలింది గానీ ఈయన కదల్లేదు. ఆఖరికి ఆ మంచుగాలిలో టోపీ తీసి, జేబులో దువ్వెన తీసి, తల దువ్వుకున్నాడు. దారి తప్పినవాడు తల దువ్వుకోడు. పులుసులో ఇంకో గిన్నెడు నీళ్ళు పోసి, ఉప్పు తీసి బల్ల మీద పెట్టాను. ఈయన నోటితో చెబుతాడేమోనని యాభై ఏళ్ళు చూశాను. చూడు, చెప్పక చెప్పక నీకు చెప్పాడు.